జూన్‌లో పుట్టిన ఊరు

ఐదో తరగతి లెక్కల్లో కమ్మీ చిత్రాలు గీయడం ఒక పాఠం. పుస్తకంలో ఇచ్చే ఉదాహరణలు ఎక్కువగా పట్నం దుకాణాలవి, మోటారు బండ్లవి. మా గూడెం పిల్లలకు అవి ఎక్కవు. అందుకని ఒక ఏడు అడ్మిషన్ రిజిస్టరు బయటికి తీసి, "మన బడిలో ఏ నెలలో ఎంతమంది పుట్టారో లెక్కపెట్టి కమ్మీలు గీయండి" అన్నాను. పిల్లలు ఉత్సాహంగా మొదలుపెట్టారు. జనవరికి ఒక చిన్న కమ్మీ, ఫిబ్రవరికి ఇంకొకటి. కొన్ని నెలలకు అసలు కమ్మీయే లేదు. జూన్ దగ్గరికి వచ్చేసరికి కమ్మీ కాగితం చివరి దాకా పోయి, ఇక చోటు లేక ఆగింది.

వెనక వరసలో కూర్చునే ఒక పిల్లవాడు లేచి, "సారూ, మనూళ్లో అందరూ జూన్‌లోనే ఎందుకు పుడతారు?" అని అడిగాడు.

పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ రిజిస్టరులో జూన్ తేదీలు చాలావరకు నా చేతిరాతే.

ఏజెన్సీలో పనిచేసే ఉపాధ్యాయులెవరికైనా దీని వెనక సంగతి తెలుసు. బడి జూన్‌లో తెరుస్తారు. తల్లో, నానమ్మో బిడ్డను చెయ్యి పట్టుకుని తెస్తుంది. పుట్టిన తేదీ కాగితం ఉండదు. ఒకటో తరగతికి ఐదేళ్లు నిండాలి. అప్పుడు సారు ఏం చేస్తాడు? ఆ రోజు తేదీకి కాస్త ముందు తేదీ ఏదో ఒకటి తీసుకుని, సంవత్సరంలోంచి ఐదు తీసేసి రాస్తాడు. అంతే, బిడ్డ జూన్‌లో పుట్టినట్టే. పాతకాలం సార్లకు ఇంకో కొలత కూడా ఉండేది. పిల్లవాడి కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుతుందేమో చూసేవారు. అందితే బడికి తగిన వయసు వచ్చినట్టు. నవ్వులాటగా కనిపిస్తుంది గానీ అందులో కొంత తెలివి ఉంది. చిన్నపిల్లల తల పెద్దది, చేతులు పొట్టివి. ఎదిగేకొద్దీ చేతులు సాగుతాయి. కాకపోతే ఆ కొలత ఎదుగుదలను చెబుతుంది, పుట్టిన తేదీని చెప్పదు. తిండి చాలని పిల్లవాడికి చెవి ఆలస్యంగా అందుతుంది.

నా సంగతే చెబుతాను. మా అన్నకూ నాకూ సర్టిఫికెట్ల ప్రకారం నాలుగు నెలల తేడా. ఆయనది 1981 జూన్ 1, నాది 1981 అక్టోబరు 5. మా అమ్మ ఈ మాట విన్నప్పుడల్లా, "నాలుగు నెలలకు ఒకణ్ణి కన్నానా?" అని నవ్వుతుంది. జరిగింది ఏమిటంటే, 1989లో అన్న మూడో తరగతిలో ఉన్నాడు. నేను ఒంటరిగా ఒకటో తరగతిలో కూర్చోనని ఏడ్చి అన్న పక్కన కూర్చున్నాను. అక్షరాలు అప్పటికే అన్న దగ్గర నేర్చుకున్నాను. సారు మంచివాడు, పోనీలే అనుకుని నన్నూ మూడులోనే రాసుకున్నాడు. మూడో తరగతికి ఎనిమిదేళ్లు ఉండాలి కాబట్టి ఎనిమిదేళ్లు వేశాడు. అన్న తేదీ, తమ్ముడి తేదీ ఒకటే అయితే బాగుండదని నెల మార్చాడు.

మా అమ్మ లెక్క వేరు. "గోదారి పెద్దగా వచ్చిన ఏడు నిన్ను చంకన ఎత్తుకుని గుట్టెక్కాను. నీకు మాటలు బాగా వచ్చాయి. అంతకు మూడేళ్ల ముందు, ఇప్పపూలు రాలే రోజుల్లో పుట్టావు" అంటుంది. ఆ గోదారి ఏదో అందరికీ తెలిసిందే. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలై వరదలో కూడా 71.3 అడుగుల దగ్గరే ఆగింది. కాబట్టి నేను పుట్టింది 1983లో, మార్చి ఏప్రిల్ నెలల్లో. సర్టిఫికెట్ నన్ను సుమారు ఏడాదిన్నర పెద్దవాణ్ణి చేసింది. ఆ ఏడాదిన్నర జీతం నేను ఎప్పటికీ అందుకోను. అది పెద్ద నష్టం అనుకోను, ఎందుకంటే అదే సారు ఆ రోజు నన్ను ఇంటికి పంపేసి ఉంటే నేను సారునే అయ్యేవాణ్ణి కాదేమో.

ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రిజిస్టరులో తేదీ, నెల, సంవత్సరం మూడూ ఉన్నాయి, మూడూ తప్పే. అమ్మ మాటలో తేదీ లేదు, సంవత్సరం కూడా అంకెగా లేదు. అయినా అందులో ఉన్నదంతా నిజం. సూటిగా కనిపించే అంకె అంతా నిజమైన అంకె కాదని టీచర్ ట్రైనింగులో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నేను మా అమ్మ దగ్గరా, జూన్ కమ్మీ దగ్గరా నేర్చుకున్నాను.

2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కల డ్యూటీ పడింది. ఇల్లిల్లూ తిరిగాను. పెద్దవాళ్లను వయసు అడిగితే, "యాభై రాసుకో సారూ", "అరవై ఉంటాయేమో, నువ్వే చూసి వెయ్యి". పక్కనున్నవాళ్లు, "అరవై ఎక్కడివే, డెబ్బై ఉంటాయి" అనేవారు. యాభై మూడు అన్నవాళ్లు లేరు, అరవై ఏడు అన్నవాళ్లు లేరు. సాయంత్రం షెడ్యూళ్లు సర్దుకుంటూ చూస్తే వయసు గడిలో సున్నాలూ ఐదులే వరసగా కనిపించాయి. మా మనుషులు చదువు లేక ఇలా చెబుతున్నారని అప్పుడు కొంచెం సిగ్గు కూడా పడ్డాను.

సిగ్గుపడాల్సిన అవసరం లేదని తర్వాత చదివి తెలుసుకున్నాను. మన దేశమంతటా ఒకేసారి జనాభా లెక్క మొదట జరిగింది 1881లో. ఆ మొదటి లెక్క నుంచీ ఈ సున్నాలు, ఐదుల గోల ఉంది. ముప్ఫై ఏళ్లవాళ్లు గుంపులు గుంపులుగా ఉంటారు, ముప్ఫై ఒకటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉంటారు. ముప్ఫైలో ఉన్నవాళ్లంతా మరుసటి ఏడు ఎక్కడికి పోతారు? ఎక్కడికీ పోరు, పదేళ్లు ముప్ఫైలోనే ఉంటారు. ఇది మన దేశంలో మాత్రమే జరిగిందీ కాదు. పాత రోమ్ సామ్రాజ్యపు సమాధి రాళ్ల మీద చెక్కిన వయసుల్లో కూడా ఐదుల గుణిజాలు విపరీతంగా ఉన్నాయి. ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో 1427లో పన్ను కోసం ఇంటింటి లెక్క రాశారు. అప్పటి ఐరోపాలో అది బాగా డబ్బున్న నగరం. అక్కడి వయసులూ అంతే, నలభైలు, యాభైలు, అరవైలు. గుడ్డకూ బంగారానికీ పైసా తేడా రాకుండా లెక్క రాసుకున్న ఊళ్లో తమ వయసు మాత్రం ఉజ్జాయింపుగా చెప్పారు. ఎందుకంటే వయసుతో వాళ్లకు రోజూ పని లేదు. పని లేని అంకెను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఈ గుంపులు కట్టడాన్ని కొలవడానికి ఒక చిన్న పద్ధతి ఉంది. దాన్ని ఇచ్చింది జార్జ్ విపుల్ అనే అమెరికన్. ఆయన ప్రజారోగ్య ఇంజనీరు, మంచినీళ్లు శుభ్రం చేసే పని ఆయనది. 1919లో జనన మరణాల గణాంకాల మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన పద్ధతి ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. 23 నుంచి 62 ఏళ్ల దాకా ఉన్నవాళ్లను తీసుకోవాలి. అవి నలభై వయసులు. వాటిలో సున్నాతో గానీ ఐదుతో గానీ ముగిసేవి 25, 30, 35, 40, 45, 50, 55, 60, అంటే ఎనిమిది. నలభైలో ఎనిమిది అంటే ఐదో వంతు. అందరూ సరిగ్గా చెబితే ఈ ఎనిమిది వయసుల్లో సుమారు ఐదో వంతు మందే ఉండాలి. అక్కడున్నవాళ్లను ఐదుతో గుణించి, మొత్తం మందితో భాగించి, నూరుతో గుణిస్తే సూచిక వస్తుంది. 100 వస్తే అందరూ సరిగ్గా చెప్పినట్టు, 500 వస్తే ఒక్కరు కూడా సున్నా, ఐదు తప్ప వేరే అంకె చెప్పనట్టు. 200 మంది ఉన్న గూడెంలో 80 మంది ఆ ఎనిమిది వయసుల్లో ఉన్నారనుకోండి. 80ని ఐదుతో గుణిస్తే 400, దాన్ని 200తో భాగించి నూరుతో గుణిస్తే 200. ఐక్యరాజ్యసమితివాళ్లు 105 లోపు వస్తే చాలా మంచి లెక్క అనీ, 175 దాటితే నమ్మరాని లెక్క అనీ తరగతులు పెట్టారు. మన దేశపు పాత జనాభా లెక్కలు ఆ చివరి తరగతిలోకే వస్తాయి.

నాకు ఇందులో బాగా నచ్చింది ఒకటుంది. ఏ ఒక్కరి వయసు తప్పో మనకు తెలియదు. అరవై అన్న ముసలాయనకు నిజంగానే అరవై ఉండొచ్చు. అయినా మొత్తం లెక్కలో ఎంత తప్పు ఉందో తెలిసిపోతుంది. జూన్ కమ్మీ కూడా అంతే. ఏ పిల్ల తేదీ తప్పో ఆ చిత్రం చెప్పదు, కానీ తేదీలు రాసింది ప్రకృతి కాదని, ఒక సారు అని చెప్పేస్తుంది. అంకెల మీద కూడా వేలిముద్రలు పడతాయి.

చదువు వస్తే ఈ తప్పు పోతుందని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే. కానీ చైనా సంగతి వినండి. అక్కడ పాతకాలంలో చదువురాని రైతులు కూడా తమ వయసు దాదాపు సరిగ్గానే చెప్పేవారని జనాభా శాస్త్రవేత్తలు గమనించారు. కారణం వాళ్ల పంచాంగం. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు అంటూ పన్నెండేళ్లకు పన్నెండు జంతువుల పేర్లు ఉంటాయి. "నీ వయసెంత" అంటే తడబడే మనిషి "నువ్వు ఏ జంతువు ఏట పుట్టావు" అంటే టక్కున చెబుతాడు. పులి ఏడు అన్నాడంటే అది ఈ పన్నెండేళ్లలోదా, వెనకటి పన్నెండేళ్లలోదా అన్నది మొహం చూస్తేనే తెలుస్తుంది. అక్కడ మనుషులు మనకన్నా తెలివైనవాళ్లని కాదు. అడిగే ప్రశ్న వాళ్ల జ్ఞాపకానికి సరిపోయింది.

మనకు జంతువుల ఏళ్లు లేవు. మేడారం జాతర ఉంది కదా! సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి రోజుల్లో వస్తుంది. 2002, 2004, 2006, ఇలా అన్నీ సరి సంఖ్యల ఏళ్లే. "ఈ బిడ్డ జాతర ఏట పుట్టిందా, జాతర లేని ఏట పుట్టిందా? మొదటిసారి తల్లి దగ్గరికి తీసుకుపోయినప్పుడు నడిచిందా, చంకలో ఉందా? ఆ తర్వాత ఎన్ని జాతరలు చూసింది?" ఈ మూడు అడిగితే చాలు, ఏ నానమ్మ అయినా సంవత్సరం తేల్చేస్తుంది. నెల కోసం అడవినీ పొలాన్నీ అడగాలి. ఇప్పపూలు రాలే కాలం, తునికాకు కోసే కాలం, భూమి పండుగ, నాట్లు, కొత్తల పండుగ. మన పెద్దలు పుట్టుకలను ఈ గుర్తుల మీదే పెట్టుకున్నారు. సర్వేల్లో వయసు తెలియనివాళ్ల కోసం వరదలు, కరువులు, తుఫాన్లతో స్థానిక సంఘటనల పట్టికలు వాడే పద్ధతి ఉంది. మన ఊరి పట్టిక మనం తయారు చేసుకోకపోతే ఎన్యూమరేటరు చేతిలో పట్నం పట్టికే ఉంటుంది. ఫలానా ప్రధానమంత్రి చనిపోయిన ఏడు అంటే మా అవ్వలకు ఏం గుర్తుంటుంది?

అప్పుడప్పుడు పేపర్లో వార్త వస్తుంది, ఫలానా గూడెంలో 120 ఏళ్ల అవ్వ, అడవి తిండి వల్ల ఇంత ఆయుష్షు అని. మనవాళ్లు గర్వంగా ఫొటోలు పంచుకుంటారు. నాకూ గర్వపడాలనే ఉంటుంది. అయితే దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌లో విల్కాబాంబా అనే కొండ ఊరు ఇలాగే 1970లలో ప్రపంచమంతా పేరు పొందింది. నూరు దాటినవాళ్లు ఎంతోమంది ఉన్నారని చెప్పుకున్నారు. పరిశోధకులు చర్చి రికార్డులు తిరగేస్తే నూరు దాటినవాళ్లు ఒక్కరూ తేలలేదు. ముసలితనం వచ్చాక వయసు పెంచి చెప్పుకోవడం అక్కడ గౌరవం. పైగా ఒకే ఇంట్లో ఒకే పేరు తరతరాలుగా పెట్టడంతో, ఒకరి పుట్టుక రాత ఇంకొకరిది అనుకున్నారు. తాత పేరు మనవడికి పెట్టే మనకు ఈ చిక్కు కొత్తదేమీ కాదు.

దీనికి ఎదురు వైపు పొరపాటు కూడా వింటాను. 1911 నుంచి 1921 వరకు మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 20 ఏళ్లని పుస్తకాల్లో ఉంటుంది. అది 1918 విషజ్వరం వచ్చిన దశాబ్దం. శిక్షణకు వచ్చిన ఒక కుర్ర టీచరు దాన్ని చదివి, "అంటే మన ముత్తాతలు ఇరవై ఏళ్లకే పోయేవారా సార్?" అన్నాడు. కాదు. ఇద్దరు పుట్టి ఒకరు పురిట్లోనే పోయి, ఒకరు అరవై దాకా బతికితే సగటు ముప్ఫై. ముప్ఫైలో ఎవరూ చనిపోలేదు. ఆ 20లో పసిపిల్లల చావులు దాక్కుని ఉన్నాయి.

ఇంతదాకా చెప్పింది ఒక్కో మనిషి వయసు గురించి. అసలు మనం ఎంతమందిమి అన్న లెక్కకు కూడా ఇదే చరిత్ర ఉంది. అది మన రాజకీయాల్లో రోజూ వాడే అంకె కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

ఇంగ్లీషువాళ్ల కాలంలో జనాభా లెక్కల్లో మతం గడి ముఖ్యం. హిందువు, ముస్లిం, క్రైస్తవుడు కాని కొండమనిషిని ఏ పేరుతో రాయాలో వాళ్లకు తెలియలేదు. కొన్నాళ్లు 'జీవాత్మ పూజకులు' అనే అర్థం వచ్చే మాట వాడారు, తర్వాత 'గిరిజన మతాలు' అన్నారు. 1931 లెక్కల్లో అలా రాయించుకున్నవాళ్లు సుమారు 80 లక్షలు. 1941కి వచ్చేసరికి ఆదివాసులు సుమారు 2.5 కోట్లు! పదేళ్లలో మూడు రెట్లు. ఏ తల్లులూ అలా కనలేరు. 1941లో మతాన్ని బట్టి కాకుండా పుట్టిన తెగను బట్టి లెక్కపెట్టారు, అంతే. దుర్గమ్మకు మొక్కే కోయ మనిషి 1931లో హిందువుల గడిలోకి పోయాడు, 1941లో తెగ గడిలోకి తిరిగి వచ్చాడు. 1931 లెక్కల అధికారి హట్టన్ కూడా తెగను బట్టి చూస్తే రెండు కోట్లకు పైగా ఉంటారని అప్పుడే గుర్తించాడు. మళ్లీ 1951లో ఆ సంఖ్య 1.91 కోట్లకు దిగింది. దేశం విడిపోవడం ఒక కారణం. రాజ్యాంగం వచ్చాక షెడ్యూలులో పేరున్న తెగలనే లెక్కపెట్టడం ఇంకో కారణం. పేరు రాని తెగల మనుషులు అడవిలో అలాగే ఉన్నారు, లెక్కలో మాత్రం లేరు.

మన దగ్గర కూడా ఇలాంటిదే జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ జనాభా 1961లో 13.24 లక్షలు, 1971లో 16.58 లక్షలు, 1981లో 31.76 లక్షలు. మొదటి పదేళ్లలో నాలుగో వంతు పెరిగింది, తర్వాతి పదేళ్లలో దాదాపు రెట్టింపయింది. 1976 నాటి సవరణ చట్టం తెగలకు ఉన్న ప్రాంతాల హద్దులు చాలావరకు తీసేసింది. తెలంగాణ ప్రాంతంలో లంబాడాలు, ఎరుకలవారు, యానాదులు జాబితాలో చేరారు. ఆ చేర్పు మీద మన మధ్య ఎంత వాదన ఉందో మీకు తెలుసు. నాకూ ఒక అభిప్రాయం ఉంది, దాన్ని ఇక్కడ దూర్చను. అంకె గురించి మాత్రం ఒక మాట. ఆ 1981 అంకె చూపించి "గిరిజనులు బాగా వృద్ధి చెందారు" అని ఒక సభలో అంటే నేను విన్నాను. అదే అంకె మీద లెక్కగట్టి అక్షరాస్యత పెరిగిందని ఇంకో సభలో విన్నాను. కొత్తవాళ్లు చేరాక సగటు మారితే, పాతవాళ్ల బతుకు మారిందని చెప్పడానికి వీల్లేదు. నలభై మంది తరగతిలోకి బాగా చదివే ఇరవై మంది వేరే బడి నుంచి వస్తే తరగతి సగటు పెరుగుతుంది. ముందున్న నలభై మందిలో ఒక్కరికి కూడా ఒక్క మార్కు పెరగకపోవచ్చు. కోయలు ఎంత, కొండరెడ్లు ఎంత, గోండులు ఎంత, చెంచులు ఎంత అని తెగ తెగకూ విడిగా చూస్తే తప్ప మన సంగతి మనకు తెలియదు. ఆ పట్టికలు జనాభా లెక్కల శాఖే ఇస్తుంది, చూసేవాళ్లు తక్కువ.

మళ్లీ నా రిజిస్టరు దగ్గరికి వస్తాను. ఇది చెప్పడం నాకు కష్టం.

2010లో విద్యా హక్కు చట్టం కొత్తగా వచ్చింది. బడి మొహం చూడని పిల్లలను వయసుకు తగ్గ తరగతిలో చేర్చాలని ఆదేశాలు. జూన్‌లో ఒక అవ్వ మనవరాలిని తీసుకుని వచ్చింది. తల్లి లేని పిల్ల. మనిషి పొడుగ్గా ఉంది. పక్కన పదేళ్ల మేనబావ నిలబడితే అతని భుజం దాటి ఉంది. అవ్వ ఏదో చెప్పబోయింది. "జాతర అయి నెల తిరగలేదు సారూ, ఇప్పపూలు ఏరేదానికి పోయి చెట్టు కిందనే…" అంటోంది. ఆ రోజు నా ముందు పదిహేను మంది నిలబడి ఉన్నారు. సాయంత్రంలోగా పట్టిక మండలానికి పంపాలి. "పదేళ్లు ఉంటాయిలే అవ్వా" అని 2000 జూన్ 10 అని రాసేశాను. పది. సున్నాతో ముగిసే అంకె.

2018 ఎండాకాలం దాటాక ఆ పిల్లకు పెళ్లి కుదిర్చారు. ఎవరో ఫోన్ చేస్తే అధికారులు వచ్చారు. బడికి వచ్చి రిజిస్టరు అడిగారు. నేనే తీసి ఇచ్చాను. పద్దెనిమిది నిండి నెల రోజులు అయింది. "మేజరే" అని రాసుకుని వెళ్లిపోయారు. ఆ రాత్రి నాకు అవ్వ మాట గుర్తొచ్చింది. ఏ జాతర? 2000 జాతరా, 2002 జాతరా? మరునాడు అవ్వ దగ్గరికి పోయి కూర్చున్నాను. "దీన్ని మొదటిసారి తల్లి దగ్గరికి తీసుకుపోయినప్పుడు నడిచి వచ్చింది, ఆ తర్వాత ఇది ఏడు జాతరలు చూసింది" అని వేళ్లు మడిచి చెప్పింది. నడిచిన జాతర 2004ది. తర్వాతి ఏడు 2006, 2008, 2010, 2012, 2014, 2016, 2018. పుట్టింది 2002 మార్చిలో. ఆ పిల్లకు అప్పటికి పదహారేళ్లు.

తహసీల్దారు దగ్గరికి వెళ్లి చెప్పాను. "అవ్వ మాటకు కాగితం ఉందా మాస్టారూ? మీ రిజిస్టరే కాగితం కదా" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. 2015 బాలల న్యాయ చట్టం సెక్షన్ 94 చదవండి. వయసు తేల్చాల్సి వస్తే మొదట చూడాల్సింది బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే పంచాయతీ, మునిసిపాలిటీ జనన పత్రం. అదీ లేకపోతే ఎముకల పరీక్ష. ఎముకల పరీక్షకు రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చని డాక్టర్లే అంటారు. నేను రెండు నిమిషాల్లో ఊహించి రాసింది మొదటి వరసలో ఉంది. అవ్వ జాతరల లెక్క ఏ వరసలోనూ లేదు.

పెళ్లి జరిగింది.

ఆ ఏడు నుంచి నేను రిజిస్టరు రాసే పద్ధతి మార్చుకున్నాను. కాగితం లేని బిడ్డ వస్తే ముందు కూర్చోబెడతాను. జాతర అడుగుతాను, పూలు అడుగుతాను, ఆ ఏడు ఊళ్లో ఇంకెవరు పుట్టారో అడుగుతాను. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ల మాట కలిశాకే రాస్తాను. అంగన్‌వాడీ పుస్తకంతో సరిచూస్తాను. పక్కన ఒక నోటుబుక్కులో, ఈ తేదీ ఎవరి మాట మీద, ఏ గుర్తును బట్టి వేశానో రాసి సంతకం పెట్టిస్తాను. నెల తెలిసి తేదీ తెలియకపోతే ఆ నెల పదిహేనో తారీఖు వేస్తాను. అదీ ఊహే, కానీ ఊహ అని నోటుబుక్కులో ఉంటుంది. మన ఊరి సంఘటనల పట్టిక కూడా పిల్లలతోనే తయారు చేయించాను. 1986 వరద, ఊరికి కరెంటు వచ్చిన ఏడు, పాత బడి పైకప్పు ఎగిరిపోయిన ఏడు, 2022 వరద. మీ ఊరికి మీ పట్టిక వేరే ఉంటుంది. 2027 మార్చి 1 తేదీ ఆధారంగా మళ్లీ జనాభా లెక్కలు తీస్తున్నారు. మనలో చాలామంది డ్యూటీకి పోవాల్సిందే. అరవై అన్న అవ్వను ఇంకో రెండు ప్రశ్నలు అడగడానికి ఎంతసేపు పడుతుంది?

ఇక ముందు కాగితం లేకపోతే కుదరదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టే పిల్లలకు బడిలో చేరడానికైనా, ఇంకే పనికైనా జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి రుజువని సవరణ చట్టం చెప్పింది. ఆ పిల్లలు ఒకటో తరగతికి రావడానికి ఇంకా సమయం ఉంది. ఇంటి కాన్పులు జరిగే గూడేలకు ఈ మాట ఇప్పుడే చేరాలి. పుట్టిన 21 రోజుల్లో చెబితే ఖర్చు లేకుండా నమోదవుతుంది. ఆలస్యమైతే తిరగాల్సిన ఆఫీసులు పెరుగుతాయి.

2024 జూన్‌లో ఆ పిల్ల, ఇప్పుడు పిల్ల అనకూడదు, తన కూతుర్ని బడిలో చేర్చడానికి వచ్చింది. అవ్వ లేదు, అంతకుముందు ఏడాదే పోయింది. పాప పుట్టింది ఆసుపత్రిలో. కాగితం ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకుని తెచ్చింది. అందులో 2019 మార్చి 23 అని ఉంది. నేను రిజిస్టరులో అది ఎక్కించి, అలవాటు కొద్దీ, "జాతర ఏటనా, లేని ఏటనా?" అని అడిగాను. "లేని ఏట సారూ. మరుసటి జాతరకు నడిచి వచ్చింది" అంది. సరిపోయింది.